కెర్నెల్ పాఠాలు – 7: లాకు దగ్గర ఆగిన థ్రెడ్లు

పోయిన పాఠంలో పేజీ కాష్ చూశాం. లినక్స్ ఖాళీ ర్యామ్‌ను ఊరికే ఉంచదు, డిస్క్ నుంచి చదివిన ఫైళ్లతో నింపుతుంది. మరి కొత్త ప్రోగ్రాం వచ్చి మెమరీ అడిగితే? నింపిన దాంట్లోంచే కొంత ఖాళీ చేసి ఇవ్వాలి. ఆ పనే రీక్లెయిమ్.

గోదావరి వాళ్లకు ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లినక్స్‌లో మెమరీని పంచిపెట్టే కెర్నెల్ కూడా హై, లో, మిన్ అని మూడు గీతలు పెట్టుకుంటుంది. వాటిని పిలిచేది కూడా వాటర్‌మార్కులనే. కాకపోతే గోదావరిలో మట్టం పెరిగితే భయం, ఇక్కడ ఖాళీ పేజీల (మెమరీని విడగొట్టిన చిన్న ముక్కల) మట్టం పడిపోతే భయం.

మట్టం లో గీత దిగగానే కెస్వాప్‌డీ అనే థ్రెడ్ (విడిగా నడిచే పని వరస) నిద్ర లేస్తుంది. కాలువ మీద నీళ్లు వదిలే లస్కరు లాంటిదన్నమాట. ఈమధ్య ఎవరూ ముట్టని పేజీలను వెతికి ఖాళీ చేస్తుంది, మట్టం హై దాకా వచ్చాక మళ్లీ పడుకుంటుంది. అంతసేపూ మీ ప్రోగ్రాం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

అడిగేవాళ్ల జోరుకు కెస్వాప్‌డీ అందుకోలేక మట్టం మిన్ కిందికి పోతే అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. మెమరీ అడిగిన థ్రెడ్డే చేతిలో పని ఆపి పేజీలు ఖాళీ చేసుకోవాలి. లస్కరు రాలేదని రైతే తూము దగ్గరికి పరుగెత్తినట్టు. దీని పేరు డైరెక్ట్ రీక్లెయిమ్. ప్రోగ్రాం ఉన్నట్టుండి బిగుసుకుపోతే నేను మొదట అనుమానించేది దీన్నే.

ఒక మెమరీ నోడ్‌కు, అంటే కెర్నెల్ ఒక గుంపుగా చూసే ర్యామ్‌కు, ఒకటే కెస్వాప్‌డీ ఉంటుంది. మన ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా నోడ్ ఒకటే కాబట్టి టాప్ కమాండ్‌లో కెస్వాప్‌డీ0 ఒక్కటే కనిపిస్తుంది. "నాలుగు పెడితే నాలుగు రెట్లు వేగం రాదా మాస్టారూ?" అని ఒక తమ్ముడు అడిగాడు. చాలా మంచి ప్రశ్న. ఈ పాఠం రాయడానికి కారణం కూడా అదే.

మన డెల్టా కాలువల మీద లాకులు చూశారు కదా. ధాన్యం పడవలు తిరిగిన రోజుల్లో పడవ లాకు గదిలోకి వచ్చాక తలుపులు మూసి, రెండు వైపులా మట్టం సమానం చేసి వదిలేవారు. వెనకాల ఎన్ని పడవలున్నా గది ఒకటే. కెర్నెల్‌లో ఏ పేజీని ఎప్పుడు వాడారో చెప్పే ఎల్‌ఆర్‌యూ జాబితాలకూ ఇలాగే ఒక లాక్ ఉంది. కాలువ లాకు, కెర్నెల్ లాక్ ఒకే ఇంగ్లిష్ మాట. జాబితాలోంచి పేజీ తీయాలన్నా, చేర్చాలన్నా దాన్ని పట్టుకోవాలి, ఒకసారికి ఒక థ్రెడ్డే పట్టుకోగలదు. మీ ప్రోగ్రాంలో 16 థ్రెడ్లుండి అన్నీ డైరెక్ట్ రీక్లెయిమ్‌లో పడితే, 16 పడవలూ ఆ లాకు ముందే నిలబడతాయి.

అందుకే రీక్లెయిమ్ చేసే థ్రెడ్ లాక్ పట్టుకుని ఒక విడతకు 32 పేజీల దాకా పక్కకు తీసి వెంటనే వదిలేస్తుంది. వాటిని ఖాళీ చేసే పెద్ద పని బయట చేసుకుంటుంది. 2021లో వచ్చిన 5.11 కెర్నెల్‌లో ఇంకో మంచి మార్పు జరిగింది. అప్పటిదాకా నోడ్ అంతటికీ ఒకటే ఉన్న లాక్‌ను మెమరీ సీగ్రూపుకు (మెమరీ లెక్క విడిగా ఉండే ప్రోగ్రాంల గుంపుకు) ఒకటి చొప్పున విడగొట్టారు. కంటైనర్లు నడిపేవాళ్లకు దీంతో ఊపిరాడింది. ఒకే గ్రూపులో ఉన్న థ్రెడ్లకు మాత్రం లాకు ఇంకా ఒకటే.

ఇప్పుడు అభ్యాసం. ప్రాక్ డైరెక్టరీలో వీఎంస్టాట్ ఫైలు తెరిచి పీజీస్కాన్ కెస్వాప్‌డీ, పీజీస్కాన్ డైరెక్ట్, వాటి జోడీలైన రెండు పీజీస్టీల్ అంకెలు రాసుకోండి. మెషీన్ ఆన్ చేసినప్పటి నుంచి కూడుతూ వచ్చే లెక్కలివి, అందుకే పెద్ద పని నడిపించి మళ్లీ చూసి తేడా తీయాలి. స్కాన్ అంటే వెతికినవి, స్టీల్ అంటే నిజంగా ఖాళీ అయినవి.

డైరెక్ట్ తేడా సున్నా అయితే ఏమీ కదపకండి. స్కాన్ విపరీతంగా పెరిగి స్టీల్ కొంచెమే పెరిగితే, ఖాళీ చేయదగ్గ పేజీలే లేవన్నమాట: అన్నీ వాడకంలో ఉన్నాయి, లేదా మార్పులు డిస్క్‌కు చేరక ఆగి ఉన్నాయి. అక్కడ ఎన్ని థ్రెడ్లు పెంచినా దండగే. ప్రోగ్రాం మెమరీ తగ్గించాలి, లేదా ర్యామ్ కొనాలి.

స్టీల్ బాగానే ఉండి డైరెక్ట్ కూడా పెరుగుతుంటే లస్కరు ఆలస్యంగా లేస్తున్నాడని అర్థం. వాటర్‌మార్క్ స్కేల్ ఫ్యాక్టర్ అనే కెర్నెల్ సెట్టింగు మామూలుగా 10 ఉంటుంది, అంటే గీతకూ గీతకూ మధ్య దూరం కనీసం మెమరీలో 0.1 శాతం. 8 జీబీకి అది సుమారు 8 ఎంబీ. రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) దాన్ని 100 చేస్తే దూరం 80 ఎంబీ దాటుతుంది, కెస్వాప్‌డీ చాలా ముందే లేస్తుంది. ఆ మేరకు ఖాళీగా ఉంచే మెమరీ పెరుగుతుంది, అది గుర్తుంచుకోండి. రీబూట్ చేస్తే పాత విలువే వస్తుంది, కాబట్టి భయపడకుండా మార్చి చూడండి.

మార్చక ముందు, మార్చాక తీసిన తేడాలు దగ్గర పెట్టుకోండి. 2022 డిసెంబర్‌లో 6.1 కెర్నెల్‌తో వచ్చిన మల్టీజెన్ ఎల్‌ఆర్‌యూ పేజీలను వెతికే పద్ధతినే మార్చింది. 8వ పాఠంలో దాన్ని ఆన్ చేసి ఇవే అంకెలు మళ్లీ తీస్తాం.