థర్మో లెక్కకు ముందు చుక్కల గీత

సెకండ్ ఇయర్ మెకానికల్‌లో థర్మోడైనమిక్స్ అంటే టెన్షన్ పడేవాళ్లు లెక్క చదవగానే చేసే పని ఒకటే, ఫార్ములా వెతకడం. నేనూ అదే చేసి మొదటి మిడ్‌లో చేతులు కాల్చుకున్నాను. ఫార్ములా సంగతి తర్వాత. ముందు బొమ్మ వేసి, లెక్క దేని గురించో దాని చుట్టూ చుక్కల గీత గీయండి. అదే సిస్టమ్ బౌండరీ. ఆ గీత దాటి పదార్థం లోపలికో బయటికో వెళ్తోందా? వెళ్లకపోతే క్లోజ్డ్, వెళ్తే ఓపెన్. మూత బిగించిన కుక్కర్ విజిల్ రానంతవరకు క్లోజ్డ్, విజిల్ వేస్తుంటే ఓపెన్.

ఇంత చిన్న తేడాకు అంత హడావుడి ఎందుకంటారా, ఈ లెక్క చూడండి. గాలంతా తీసేసిన సీసా, వేడి బయటికి పోకుండా ఇన్సులేషన్ చుట్టారు, వాల్వ్ తెరిస్తే బయట 27 డిగ్రీల గాలి లోపలికి దూసుకొచ్చి నిండింది. లోపల టెంపరేచర్ ఎంత? క్లాసులో సగం మంది 27 అంటారు, వ్యాకోచం కదా అని చల్లబడుతుందనేవాళ్లూ ఉంటారు. జవాబు 147. లోపలికి వచ్చే గాలిని వెనకనుంచి బయటి గాలి తోస్తుంది, ఆ తోసిన పని (ఫ్లో వర్క్) కూడా గీత దాటి లోపలికి చేరుతుంది. అంటే బయట ఎంథాల్పీగా (ఇంటర్నల్ ఎనర్జీ, ఫ్లో వర్క్ కలిపిన మొత్తం) ఉన్నది లోపల ఇంటర్నల్ ఎనర్జీ అయిపోయింది, కాబట్టి 300 కెల్విన్‌ని (27 డిగ్రీలు) గాలి గామా (రెండు స్పెసిఫిక్ హీట్‌ల నిష్పత్తి) 1.4తో గుణిస్తే 420 కెల్విన్, అంటే 147 డిగ్రీలు. నిజం సీసాలో గోడలు వేడి లాగేస్తాయి కాబట్టి అంత కనిపించదు, అది వేరే సంగతి. ఈ ఒక్క లెక్క పుస్తకం మూసి సొంతంగా చేయగలిగితే ఫస్ట్ లా (శక్తి నిత్యత్వ సూత్రం) మీకు వచ్చినట్టే.

గుర్తుల గొడవ ఒకటుంది. ఇంటర్ కెమిస్ట్రీలో సిస్టమ్ మీద చేసిన పని ప్లస్, ఇక్కడ చాలా పుస్తకాల్లో సిస్టమ్ చేసిన పని ప్లస్. ఏది వాడుతున్నారో పేజీ పైన రాసుకోండి.

కార్నో ఎఫిషియెన్సీకి (రెండు టెంపరేచర్ల మధ్య ఇంజిన్‌కి సాధ్యమైన గరిష్ఠ సామర్థ్యం) సెల్సియస్ వేయకండి. 327, 27 డిగ్రీల మధ్య నడిచే ఇంజిన్‌కి కెల్విన్‌లో 50 శాతం వస్తుంది, సెల్సియస్‌లో వేస్తే దాదాపు 92! గేజ్ ప్రెషర్ (వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువో చెప్పేది) ఇస్తే వాతావరణ పీడనం కలపడం కూడా మర్చిపోకండి.

స్టీమ్ టేబుల్స్ (నీరు, ఆవిరి లక్షణాల పట్టికలు) మాత్రం చూసి నేర్చుకునేవి కావు, పరీక్షలో ఏ పుస్తకం అనుమతిస్తారో దాంతోనే రూమ్‌లో కూడా చేయాలి, లేకపోతే పేజీలు తిప్పడానికే పది నిమిషాలు పోతాయి. 10 బార్, డ్రైనెస్ 0.9 (బరువులో 90 శాతం ఆవిరి, మిగతాది నీరు) ఉన్న ఆవిరితో మొదలుపెట్టండి. 763కి (మరిగే నీటి ఎంథాల్పీ) 2015లో (అది ఆవిరి కావడానికి పట్టే వేడి) 0.9 వంతు కలిపితే ఎంథాల్పీ కిలోకి 2576 కిలోజౌల్స్ దగ్గర రావాలి. అలా కాకుండా 2778 వచ్చిందంటే తడి ఆవిరిని పొడి ఆవిరి అనుకుని టేబుల్‌లో అంకె నేరుగా దించేశారన్నమాట.