ఆకాశం చదువుదాం – 3వ పాఠం: అర్జునుడి పేర్లతో పిడుగు దూరం

గాలిదుమారానికి ముందు మబ్బు ఎట్లా ఎత్తుకు పెరుగుతుందో పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఆ మబ్బులో మెరిసింది మనకెంత దూరమో లెక్కకడదాం.

మెరుపు, ఉరుము పుట్టేది ఒకేసారి. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక మెరవగానే కంటపడుతుంది. చప్పుడు మాత్రం 30 డిగ్రీల గాలిలో సెకనుకు 350 మీటర్లే పోతుంది. కిలోమీటరుకు మూడు సెకన్లని పెట్టుకుందాం, చాలు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచేలోపే ఉరుము వచ్చేస్తుంది. అంతకన్నా మంచి సాధనం మన నోట్లోనే ఉంది. ఉరిమితే పెద్దవాళ్లు చదివే అర్జునుడి పది పేర్లు: అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి, శ్వేతవాహన, బీభత్సు, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ. వాళ్లు ఉరుము విన్నాక మొదలుపెడతారు, మనం మెరవగానే మొదలుపెట్టాలి. పేరుకో సెకను. ‘కృష్ణ’ ఇట్టే అయిపోతుంది, ‘శ్వేతవాహన’ సాగుతుంది. అందుకే ముందుగా గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ పలికి, చిన్న పేరు తర్వాత కాస్త ఆగడం అలవాటు చేసుకోండి.

ఉరుము తొలి చప్పుడు చెవినపడగానే లెక్క ఆపేయాలి. మెరుపు తీగ కిలోమీటర్ల పొడవుంటుంది. దాని దూరపు కొస నుంచి చప్పుడు ఆలస్యంగా వస్తుంది కాబట్టే ఉరుము అంతసేపు దొర్లుతుంది. ఆ దొర్లుడు మన లెక్కలోకి రాదు. వెంటవెంటనే మెరుస్తుంటే ఏ ఉరుము దేనిదో తెలియదు, కాస్త ఎడమిచ్చి మెరిసినదాన్నే పట్టుకోండి.

నల్లగొండలో మిద్దె మీది గదిలో, కిటికీ లోపల నిలబడి పానగల్లు వైపు చూస్తున్నారనుకుందాం. మెరిసింది. ఒక చుట్టు అయి, రెండోసారి ‘పార్థ’ అనేసరికి ఉరిమింది. 13 సెకన్లు, మూడుతో భాగిస్తే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. అంటే ఉదయసముద్రం చెరువు దాపుల్లోనే. తర్వాతి మెరుపుకు ‘సవ్యసాచి’ దగ్గరే ఉరిమితే అది మీ వైపే వస్తోంది.

చేను దగ్గరుంటే ఈ ముచ్చటంతా వద్దు. మూడు చుట్లు, అంటే 30 సెకన్లు, పూర్తికాకముందే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. చినుకు పడకపోయినా పిడుగు పడొచ్చు. చింతచెట్టు కింద, రేకుల కొట్టంలో ఆగకుండా పక్కా ఇంట్లోకో, అద్దాలు ఎత్తిన కారులోకో వెళ్లాలి. మోటరు స్టార్టర్ ముట్టొద్దు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాటితేనే బయటికి రావాలి.

అభ్యాసం: మెరిశాక రెండో చుట్టు ‘శ్వేతవాహన’ దగ్గర ఉరిమింది. దూరమెంత? జవాబు వచ్చే పాఠంలో.