ఇంటి కాగితాల్లో మీ చోటు: శ్రీకాకుళం జిల్లా మహిళలకు కొన్ని సూచనలు

గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకో, చెన్నైకి భవన నిర్మాణ పనులకో వలస వెళ్లిన మగవాడు అద్దె భారమైతే బోటులోనో, పని జరిగే చోట షెడ్డులోనో సర్దుకోగలడు. పిల్లలతో ఊళ్లో మిగిలిన భార్యకు ఆ వీలు లేదు. పైగా ఇల్లు మామగారి పేరునో, అద్దె ఒప్పందం భర్త పేరునో ఉంటుంది కనుక, గొడవ వచ్చిన రోజున "ఇక్కడ నీదేముంది?" అనే మాట ఆమే పడాల్సి వస్తుంది.

అందువల్ల ముందుగా, మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారని చెప్పే ఆధారాలను సమకూర్చుకోండి. ఆధార్, రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకాల్లో అదే చిరునామా ఉందో లేదో చూసుకుని, నకళ్లను నమ్మకమైన మరొక చోట కూడా ఉంచండి. సర్దుకుపొమ్మని పుట్టింటివారు చెబుతూనే ఉంటారు. సర్దుకుపోయినా సరే, కాగితాలు మాత్రం సర్ది పెట్టుకోవాలి.

అద్దెకు దిగేటప్పుడు మగవాడిని జీతమెంతని అడిగే ఇంటి యజమాని, ఒంటరి మహిళను మాత్రం ఎవరెవరు వస్తారని, ఎన్ని గంటలకు ఇల్లు చేరతారని అడుగుతాడు. ఆ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబిచ్చినా, ఒప్పందం మీ పేరునే రాయించుకోండి. ఇచ్చిన అడ్వాన్సును యజమాని క్యాలెండరు వెనక రాసుకుంటే చాలదు. ఆ మొత్తం, ఖాళీ చేయడానికి ఇవ్వాల్సిన గడువు, కరెంటు మీటరు రీడింగు స్టాంపు పేపరు మీదికి ఎక్కాలి. అద్దెను ఫోన్‌పే వంటి వాటి ద్వారా చెల్లిస్తే రుజువు దానంతట అదే ఉంటుంది.

పుట్టింటి ఆస్తి విషయంలో తొందరపడకండి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు వాటా ఇస్తూ 1985 నుంచే వర్తించేలా ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2005 నాటి కేంద్ర సవరణ పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కునిచ్చింది. పసుపు కుంకుమల కింద ఏదో చేతిలో పెట్టి హక్కు విడుదల దస్తావేజు (మీ వాటా వదులుకుంటున్నట్టు రాసే కాగితం) చాపినప్పుడు, దాన్ని న్యాయవాదికి చూపకుండా సంతకం చేయకండి.

ఇక గెంటివేత సంగతి. 2005 నాటి గృహహింస చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఇంటిపై యాజమాన్యం లేకపోయినా, కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు మహిళకు ఉంది. ఆ ఇల్లు అత్తమామలదైనా అది ఉమ్మడి నివాసం, అంటే ఈ హక్కు వర్తించే ఇల్లు, కావచ్చని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీరు 181కు ఫోన్ చేయవచ్చు, లేదా మహిళా శిశు సంక్షేమ శాఖ రక్షణాధికారిని కలవవచ్చు. ఆ అధికారి ఘటన నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపుతారు. ఆ ఇంటికి తిరిగి వెళ్లడం ప్రమాదమనిపిస్తే, భర్త వేరే వసతి చూపాలని గానీ దాని అద్దె చెల్లించాలని గానీ 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును కోరండి. చాలామంది అడగకుండా వదిలేసేది దీన్నే. వకీలు ఖర్చుకు వెనకాడనక్కర్లేదు: ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది, దరఖాస్తు తెల్ల కాగితం మీద రాసిచ్చినా సరిపోతుంది.