కొత్త సోషల్ వర్కర్‌కి పనిలోంచే నేర్చుకోవడం అలవాటు చేయడం ఎలా?

సూపర్‌వైజర్‌గా మీకు కావలసినవి కొంచెమే: ఒక నోట్‌బుక్, తలుపు వేసుకోగల గది, మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి వారానికి ఒక గంట. ఏ మీటింగ్ వచ్చినా ఆ గంటను కదపకండి. పెండింగ్ ఫైళ్ల సంగతి అందులో ఎత్తకండి.

వారానికి ఒక్క హోమ్ విజిట్ గురించి రాయిస్తే చాలు. పేజీని నిలువుగా మూడు భాగాలు చేయించండి: ఎవరేమన్నారు, అప్పుడు నాకేమనిపించింది, ఇప్పుడేమనుకుంటున్నాను. మొదటి రెండూ అదే రోజు, చేత్తోనే రాయాలి. టైప్ చేస్తే రిపోర్టు భాష వచ్చేస్తుంది. క్లయింట్ పేరు, అడ్రస్ రాయనివ్వకండి.

అసలు కష్టం ఆ పేజీ ముందు పెట్టుకుని మాట్లాడటంలో ఉంది. చాలామంది సూపర్‌వైజర్లు చెడగొట్టేది ఇక్కడే. “ఎందుకలా చేశారు?” అంటారు. ఆ మాటతో ఎదుటి మనిషి సంజాయిషీలోకి వెళ్లిపోతారు, ఇక నేర్చుకునేదేమీ ఉండదు. “అప్పుడు మీకేం కనిపించింది?” అని అడగండి. అడిగాక ఆగండి. జవాబు రాలేదని మీరే అందించకండి.

కొత్తగా చేరిన ఒక అమ్మాయి తన పేజీలో, తను వెళ్లిన ఇంటి గురించి “తల్లి సహకరించలేదు” అని రాసింది. తప్పొప్పులు చెప్పకుండా, ఆవిడ ఏం చేసిందో చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించి, “మాటిమాటికీ గుమ్మం వైపు చూసిందండీ” అంది. ఇంకాసేపటికి, “భర్త వచ్చే టైమేమో. ఫారం పూర్తి చేయాలన్న టెన్షన్‌లో నేను అడగలేదు” అంది. ఆ మాట నేనే అందించి ఉంటే తలూపి వెళ్లిపోయేది.

జరిగినదాన్ని తిరిగి ఆలోచించుకుని నేర్చుకోవడానికి గ్రాహమ్ గిబ్స్ అనే విద్యా పరిశోధకుడు 1988లో చెప్పిన ఆరు మెట్ల చక్రాన్ని ఫారంగా అచ్చేసి నింపమనేవాళ్లున్నారు. అందులో రెండో మెట్టే ‘ఏమనిపించింది’. ఫారంలో అది “బాధ కలిగింది” అన్న రెండు ముక్కలతో అయిపోతుంది. అందుకే ఫారాలు వద్దంటాను.

రెండు చోట్ల మాత్రం మాటలు ఆపేయాలి. పిల్లలకో మరెవరికో ప్రమాదం ఉందని తెలిస్తే, వెంటనే చేయాల్సింది చేయండి. వర్కర్ సొంత గాయమేదైనా కదిలితే తవ్వకండి. మీరు వాళ్ల కౌన్సెలర్ కాదు. కౌన్సెలింగ్ దొరికే దారి చూపించండి.

చివరి ఐదు నిమిషాల్లో, ఈసారి వేరుగా చేయబోయే పని ఒక్కటే రాయించండి. ఆ అమ్మాయి రాసింది: “ఏ టైమ్‌కి రమ్మంటారో ఆవిడనే అడుగుతాను. కూర్చోగానే ఫారం బయటికి తీయను.” మరుసటి వారం ఆ లైనుతోనే మొదలుపెట్టాం.