విడుదలకు ముందే గేమ్ నాణ్యతను అంచనా వేయడం ఎలా

పీసీకైనా కన్సోల్‌కైనా (టీవీకి కలిపి ఆడే గేమ్ యంత్రానికైనా) ఒక పెద్ద వీడియో గేమ్ కొత్తగా విడుదలైన రోజున కొనాలంటే మన దేశంలో ఇప్పుడు సుమారు మూడు వేల నుంచి ఐదు వేల రూపాయల దాకా అవుతుంది. చదువుకునే పిల్లలకే కాదు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి కూడా అది ఆలోచించి ఖర్చు పెట్టవలసిన మొత్తమే. బయటివాళ్లు ఎవరూ ఇంకా పూర్తిగా ఆడి చూడని గేమ్‌కు, ట్రైలర్ చూసిన ఉత్సాహంలోనే అంత డబ్బు ముందుగా కట్టించగల శక్తి హైప్‌కు, అంటే విడుదలకు ముందు రేగే ఆర్భాటానికి, ఉంది. అలాగని హైప్ ఉన్న ప్రతి గేమ్‌నూ అనుమానించడం న్యాయం కాదు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఎల్డెన్ రింగ్ మీద ఎంత ఆశ ఉండేదో, ఆడినవారి నుంచి దానికి అంత మెప్పూ దక్కింది. ప్రచారం ఎంత జరిగిందన్న లెక్కతో గేమ్ బాగుంటుందనీ చెప్పలేము, బాగుండదనీ చెప్పలేము. నాణ్యత గురించి ముందుగా ఏమైనా తెలియాలంటే ఒకే ఒక ప్రశ్నను పట్టుకుని వెళ్లాలి: విడుదలకు ముందు తయారీదారులు ఈ గేమ్‌ను ఎవరి చేతికి, ఏ యంత్రం మీద, ఎంతసేపు ఇచ్చారు?

ఈ ప్రశ్న విలువ తెలియాలంటే సైబర్‌పంక్ 2077 చరిత్రను కొంచెం నిదానంగా చూడాలి. పోలండ్ రాజధాని వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ ఈ గేమ్‌ను 2012లో ప్రకటించింది. 2015లో వచ్చిన ది విచర్ 3 ఆ స్టూడియోకు గొప్ప పేరు తేవడంతో తరువాతి గేమ్ మీద ఆశలు సహజంగానే పెరిగాయి. 2019 జూన్‌లో ఈ3 అనే పెద్ద గేమ్‌ల ప్రదర్శన వేదిక మీదికి హాలీవుడ్ నటుడు కియాను రీవ్స్ స్వయంగా రావడంతో ఆ ఆశలకు హద్దు లేకుండా పోయింది. 2020 ఏప్రిల్ 16న విడుదల అన్నారు. తరువాత సెప్టెంబరు 17 అన్నారు, నవంబరు 19 అన్నారు. అక్టోబరు మొదట్లో గేమ్ ‘గోల్డ్’ అయిందని, అంటే డిస్కుల ముద్రణకు సిద్ధమైందని ప్రకటించి, అదే నెలాఖరున మళ్లీ డిసెంబరు 10కి వాయిదా వేశారు. ఇన్ని వాయిదాలు పడినా విడుదల నాటికి 80 లక్షల ప్రీ-ఆర్డర్లు (ముందస్తు కొనుగోళ్లు) వచ్చాయి.

ఇక అసలు గమనించవలసిన విషయానికి వద్దాం. విడుదలకు ముందు విమర్శకులకు పీసీ వెర్షన్ మాత్రమే ఇచ్చారు. ప్లేస్టేషన్ 4 (పీఎస్4), ఎక్స్‌బాక్స్ వన్ అనే కన్సోల్‌ల వెర్షన్లు ఇవ్వలేదు. పైగా ముందస్తు రివ్యూలలో వారు తాము స్వయంగా ఆడిన వీడియోను వాడకూడదని, కంపెనీ ఇచ్చిన దృశ్యాలనే చూపాలని షరతు పెట్టారు. పీసీ రివ్యూలు చాలావరకు మెచ్చుకోలుగానే వచ్చాయి. వాటిని నమ్మి పీఎస్4లో కొన్నవారికి మాత్రం మసకబారిన దృశ్యాలు, తడబడుతూ కదిలే వీధులు, మాటిమాటికీ మధ్యలో మూతపడే గేమ్ దక్కాయి. వారం రోజులకే సోనీ ఆ గేమ్‌ను తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తొలగించి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇస్తానని ప్రకటించింది. 2021 జూన్‌లో గానీ ఆ గేమ్ మళ్లీ ఆ స్టోర్‌లో కనిపించలేదు. ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఏమిటంటే, ఆ ప్రమాద సూచనలు విడుదలకు ముందే అందరి కళ్ల ముందూ ఉన్నాయి. పీఎస్4 ఉన్న మనిషి ‘నా దగ్గరున్న యంత్రం మీద దీన్ని ఆడినవారు ఎవరైనా ఉన్నారా?’ అని అడిగి ఉంటే ‘లేరు’ అనే జవాబు ఆ వారమే దొరికేది.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని ఇది. కొనాలనుకున్న గేమ్ రివ్యూ తెరిచినప్పుడు మార్కులకంటే ముందు అది ఏ వెర్షన్‌కు రాసిన రివ్యూనో చూడండి. చాలా మంచి సైట్లు ఆ సంగతిని వ్యాసం చివరనో పక్కనో స్పష్టంగా రాస్తాయి. పీసీ అయితే విమర్శకుడు వాడిన గ్రాఫిక్స్ కార్డు మీ కార్డుకు దగ్గరగా ఉందో లేదో చూడండి. ఎంతో ఖరీదైన కార్డు మీద సాఫీగా నడిచిందన్న మాట మీ పాత ల్యాప్‌టాప్‌కు ఏ భరోసానూ ఇవ్వదు. ఫలానా సమయం దాకా రివ్యూలు వెలువరించకూడదన్న ఆంక్షను ఎంబార్గో అంటారు. అది విడుదలకు వారం ముందే ముగిస్తే తయారీదారులకు తమ పని మీద నమ్మకం ఉందని కొంతవరకు అనుకోవచ్చు. విడుదల గంట దాకా సాగితే మీరూ ఒక రోజు ఆగడం మేలు.

ఈ సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన హాలో నైట్: సిల్క్‌సాంగ్ ఆరేళ్లకు పైగా ఎదురుచూపుల తరువాత 2025 సెప్టెంబరు 4న వచ్చింది. దాని విషయంలో విమర్శకులకు ముందుగా ప్రతులే ఇవ్వలేదు, అయినా గేమ్ ఎంతో బాగుంది. అయితే అక్కడ దాపరికమేమీ లేదు: తొలి గేమ్ హాలో నైట్‌కు విరాళాలు ఇచ్చిన అభిమానులకంటే ముందు విమర్శకులు ఆడటం సబబు కాదని దాన్ని తయారు చేసిన చిన్న బృందం భావించింది. ధరను కూడా 20 డాలర్లకే పరిమితం చేసింది. ఎవరికీ ఇవ్వకపోవడం ఒక సంగతి, బాగా నడిచే యంత్రం మీద మాత్రమే ఇచ్చి మిగిలినవి దాచిపెట్టడం వేరొక సంగతి. ఆందోళన పడవలసింది రెండవ దానికి.

ట్రైలర్ చూసే పద్ధతి

ట్రైలర్‌ను ఆనందంగా చూడవచ్చు, కానీ సాక్ష్యంగా తీసుకునే ముందు అది ఏ రకానిదో తేల్చుకోవాలి. సినిమాలా యానిమేషన్ చేసిన ట్రైలర్ గేమ్ ఎలా ఉంటుందో చెప్పదు. కథ ఏ లోకంలో జరుగుతుందో మాత్రమే చెబుతుంది. గేమ్‌ప్లే అని పేరు పెట్టినవాటిలో కూడా తేడాలున్నాయి. 2013లో వచ్చిన ఏలియన్స్: కలోనియల్ మెరైన్స్ విషయంలో, ముందు చూపించిన దృశ్యాలకూ అమ్మిన గేమ్‌కూ ఉన్న అంతరం మీద బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థకు ఫిర్యాదు వెళ్లింది. ఆ ట్రైలర్లు తుది గేమ్‌ను ప్రతిబింబించవన్న హెచ్చరికను చేర్చడానికి ఆ గేమ్‌ను విడుదల చేసిన సెగా సంస్థ ఒప్పుకోవలసి వచ్చింది. వాచ్ డాగ్స్ 2012లో ఈ3 వేదిక మీద చూపిన వెలుగునీడలు 2014లో కొన్నవారికి అదే స్థాయిలో కనిపించలేదని అభిమానులు ఫ్రేము పక్కన ఫ్రేము పెట్టి చూపించారు.

అందువల్ల ట్రైలర్‌ను రెండోసారి చూసేటప్పుడు ధ్వని తగ్గించి చూడండి. సంగీతం పోతే దృశ్యాల మధ్య కోతలు తెలుస్తాయి. ప్రాణశక్తిని చూపే గీత, తూటాల సంఖ్య, మ్యాప్ తెర మీద ఉన్నాయా, లేక అన్నీ తీసేసి చూపుతున్నారా? ఒక పోరాటాన్ని కనీసం రెండు నిమిషాల పాటు కోత లేకుండా చూపారా? దృశ్యాలు ఏ యంత్రం మీద తీసినవో చాలాసార్లు అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. వీడియో ఆపి చదవండి. స్టూడియో మనిషి నెమ్మదిగా, ముందే సాధన చేసినట్టు కర్సర్‌ను తిప్పుతూ చూపే అరగంట డెమో కన్నా, బయటి వ్యక్తి తప్పులు చేస్తూ ఆడిన పది నిమిషాల వీడియో ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం.

మన ఊహ చేసే పని

హైప్‌లో సగం కంపెనీ తయారు చేస్తే మిగతా సగాన్ని మనమే తయారు చేసుకుంటాం. బ్రిటన్‌లోని గిల్‌ఫర్డ్‌లో ఉన్న హలో గేమ్స్ అనే చిన్న బృందం 2013 డిసెంబరులో నో మ్యాన్స్ స్కైని ప్రకటించింది. లెక్కకు అందనన్ని గ్రహాలున్న విశ్వంలో ఎక్కడికైనా వెళ్లవచ్చన్న మాట వినగానే ప్రతివాడూ తనకిష్టమైన గేమ్‌ను అందులో ఊహించుకున్నాడు. ఇతర ఆటగాళ్లు కలుస్తారా అని అడిగినప్పుడు, అవకాశం చాలా అరుదని అంటూనే కలవవచ్చన్న భావన కలిగించే జవాబులు వచ్చాయి. 2016 ఆగస్టులో విడుదలైన రోజునే ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకున్నారు, ఒకరికొకరు కనిపించలేదు. కోపంతో చాలామంది ఫిర్యాదు చేయగా, బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ విచారించి, ఆ ఏడాది నవంబరులో ప్రకటనలు తప్పుదోవ పట్టించేవి కావని తేల్చింది. ప్రకటనలో చూపినదాన్ని మాత్రమే నియంత్రణ సంస్థ పరిశీలిస్తుంది, మీరు ఊహించుకున్నదాన్ని కాదు.

దీనికి ఉపాయం చాలా సులువు. కొనే ముందు కాగితం మీద రెండు వరసలు రాయండి. స్పష్టంగా చూపినవి, లేదా ‘విడుదల రోజున ఉంటాయి’ అని సూటిగా చెప్పినవి ఒక వరసలో. మీరు ఆశిస్తున్నవి, ఇతర అభిమానులు ఊహిస్తున్నవి, ‘తరువాత చేరుస్తాం’ అన్నవి రెండో వరసలో రాయండి. మొదటి వరసలో ఉన్నవాటికే ఆ ధర ఇవ్వడానికి మీకు మనసొప్పితే కొనండి.

మొబైల్ గేమ్‌ల విషయంలో ఈ పని మరీ అవసరం. 2020 సెప్టెంబరు 2న మన ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించిన రెండు రోజులకే ఫౌజీ అనే దేశీయ గేమ్‌ను ప్రకటించారు. దేశభక్తి, పబ్జీ లేని లోటు రెండూ కలిసి దానికి లక్షల సంఖ్యలో ముందస్తు నమోదులు తెచ్చాయి. చాలామంది దాన్ని పబ్జీ వంటి పోటీ గేమ్‌గా ఊహించారు. 2021 జనవరి 26న విడుదలైనప్పుడు అందులో ఉన్నది గల్వాన్ లోయ నేపథ్యంలో ఒంటరిగా ఆడే పోరాటం మాత్రమే. జట్లుగా ఆడే విధానం తరువాత చేర్చారు. ముందస్తు నమోదుకు ఒక్క రూపాయి ఖర్చు కాదు కాబట్టి ఆ సంఖ్య ఎంత పెద్దదైనా అది జనం కుతూహలాన్ని చెబుతుందే తప్ప గేమ్ నాణ్యతను చెప్పదు.

ముందే ఆటగాళ్ల చేతికి వచ్చిన గేమ్‌లు

నాకు అన్నిటికన్నా నమ్మకమైన ఆధారం ఎర్లీ యాక్సెస్ (తయారీలో ఉండగానే గేమ్‌ను ఆటగాళ్లకు అమ్మడం), లేదా ఉచిత డెమో (ఆడి చూడటానికి ఇచ్చే చిన్న భాగం). బెల్జియం స్టూడియో లారియన్ బాల్డర్స్ గేట్ 3లోని మొదటి అంకాన్ని 2020 అక్టోబరులోనే అమ్మకానికి పెట్టి, దాదాపు మూడేళ్ల పాటు ఆటగాళ్ల అభిప్రాయాలు తీసుకుంటూ సరిదిద్దింది. 2023 ఆగస్టులో పూర్తి గేమ్ వచ్చినప్పుడు ఆ మొదటి అంకం ఎంతో నున్నగా ఉంది. ముందుగా ఎవరూ ఆడని మూడో అంకంలోనే వేగం మందగించడం, బగ్‌లు (ప్రోగ్రామ్ లోపాలు) ఎక్కువగా కనిపించాయి. ఆ ఏడాది అత్యుత్తమ గేమ్‌గా పురస్కారాలు పొందినదానిలో కూడా, జనం చేతుల్లో నలిగిన భాగానికీ నలగని భాగానికీ తేడా తెలిసిపోయింది. డెమో ఉన్న గేమ్ అయితే డెమో ఆడకుండా కొనకండి. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో నెక్స్ట్ ఫెస్ట్ పేరిట ఏడాదిలో కొన్నిసార్లు వందలాది డెమోలు ఒకేసారి ఉచితంగా దొరుకుతాయి. ప్రచారానికి డబ్బు లేని చిన్న గేమ్‌లను కనిపెట్టడానికి అంతకంటే మంచి సమయం లేదు. 2018లో విడుదలైన అమాంగ్ అస్‌ను లోకం పట్టించుకున్నది 2020లో. ఆ రెండేళ్లూ హైప్ లేదన్న ఒక్క కారణంతో ఆ గేమ్‌ను దాటి వెళ్లినవారు ఎందరో.

విడుదలయ్యాక స్టీమ్‌లో ఆటగాళ్లు రాసే రివ్యూలను చదివేటప్పుడు మొత్తం శాతం మీద ఆగిపోకండి. గత ముప్పై రోజుల అభిప్రాయాన్ని విడిగా చూపుతారు. రాసినవారు ఎన్ని గంటలు ఆడారో కూడా అక్కడే ఉంటుంది. ఇరవై గంటలు ఆడి బాగాలేదన్నవారి మాటలను, కొద్ది గంటలే ఆడి అద్భుతమన్నవారి మాటలకంటే జాగ్రత్తగా చదవాలి. ధర మీదో కంపెనీ తీసుకున్న నిర్ణయం మీదో కోపంతో మూకుమ్మడిగా రాసినవి కూడా ఉంటాయి కాబట్టి, కారణం చెప్పని రివ్యూను లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

కొన్న తరువాత

స్టీమ్‌లో కొన్న గేమ్‌ను 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా ఉంటే వాపసు ఇవ్వవచ్చు. ప్రీ-ఆర్డర్ చేసినదాన్ని విడుదలకు ముందు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఆ రెండు గంటలను పరీక్ష కోసం వాడండి. ముందు గ్రాఫిక్స్ అమరికలు సరిచేసి, ఆరంభ కథా దృశ్యాలను వీలైతే దాటేసి, జనసమ్మర్దం ఉన్న వీధికో పెద్ద పోరాటానికో త్వరగా చేరుకోండి. యంత్రం తట్టుకుంటుందో లేదో అక్కడే తెలుస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (దృశ్యాలకు వెలుగునీడలు, రంగులు అద్దే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం కావడానికి పట్టే నిమిషాలు కూడా ఆ రెండు గంటల్లోనే కలుస్తాయని మరవకండి. ప్లేస్టేషన్ స్టోర్ నియమం దీనికంటే కఠినం: డౌన్‌లోడ్ మొదలైతే, గేమ్‌లో లోపం ఉంటే తప్ప సాధారణంగా డబ్బు తిరిగి రాదు. అక్కడ ముందుగా కొనేవారు ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌ను ఆపి ఉంచుకోవాలి.

కొనకుండా ఆగాలని నిర్ణయించుకున్నవారు ఆ గేమ్‌ను పూర్తిగా మరచిపోనక్కరలేదు. నవ్విన నాపచేనే పండుతుందన్న మాట నో మ్యాన్స్ స్కై విషయంలో నిజమైంది. 2018 నాటి పెద్ద అప్‌డేట్‌తో ఆటగాళ్లు నిజంగానే కలిసి ఆడగలిగారు, ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి ఉచితంగా కొత్తవి చేరుతూనే వచ్చాయి. సైబర్‌పంక్ కూడా 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో దాదాపు కొత్త గేమ్‌గా మారింది. మొదటి రోజున కొన్నవారికంటే మూడేళ్లు ఆగి, తగ్గింపు ధరలో కొన్నవారికే మెరుగైన గేమ్ దక్కింది.

అయితే ఈ ఓపిక ఒంటరిగా, ఇంటర్నెట్ లేకుండా ఆడగల గేమ్‌లకే పనికొస్తుంది. సర్వర్ల మీద ఆధారపడినవి వేరు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన యాంథమ్‌ను మళ్లీ తీర్చిదిద్దుతామన్న ప్రయత్నం 2021లో ఆగిపోయింది. 2026 జనవరి 12న సర్వర్లు మూతపడటంతో డిస్కు ఉన్నవారు కూడా ఇక ఆడలేరు. 2024 ఆగస్టు 23న విడుదలైన కాంకార్డ్ రెండు వారాలకే మూతపడింది, కొన్నవారికి సోనీ డబ్బు తిరిగి ఇచ్చింది. అందుకే ఏ గేమ్ కోసమైనా ఆగాలనుకునే ముందు స్టోర్ పేజీలో ‘ఇంటర్నెట్ తప్పనిసరి’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే ప్రతిరోజూ ఎంతమంది ఆడుతున్నారో స్టీమ్ గణాంకాల్లో కొన్ని వారాలు గమనించి, ఆ సంఖ్య నిలకడగా ఉన్నప్పుడే కొనండి.