ఇంటి కరెంటు లోడు లెక్క ఎలా వేయాలి?

కాగితం, పెన్ను, ఫోన్ టార్చి చాలు. ఇల్లంతా తిరిగి ప్రతి సామాను స్టిక్కర్ మీద ఉన్న వాట్లు రాసుకోండి. మామూలు ఫ్యాను 75, ఫ్రిజ్ 200, మిక్సీ 600, ఇస్త్రీపెట్టె 1,000, ఇండక్షన్ స్టవ్ 2,000, గీజరు 2,000, అటూ ఇటూగా ఇంతే ఉంటాయి.

రెండు చోట్ల అందరూ తప్పు రాస్తారు. 1.5 టన్నుల ఏసీ మీద 5,000 అని కనిపించేది గదిలోంచి లాగే వేడి, మనకు కావాల్సింది పవర్ ఇన్‌పుట్, అంటే అది లాగే కరెంటు, దాదాపు 1,600. ఇక 1 హెచ్‌పీ సంపు మోటారు అంటే 746 వాట్లు కదా అంటారు, అది షాఫ్టు దగ్గర వచ్చే బలం. కరెంటు మాత్రం 1,000 దాకా లాగుతుంది.

ఇప్పుడు అసలు గొడవ. మా తమ్ముడింట్లో అన్నీ కూడితే 13 కిలోవాట్లు తేలింది. కరెంటు ఆఫీసులో అంతా రాయిస్తే ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్ల లెక్కన నెలనెలా దండగ. ఎలక్ట్రీషియన్ అందులో 60 శాతమే లెక్కలోకి తీసుకుని, సింగిల్ ఫేజ్ (ఒకే కరెంటు లైను) మీద 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) పెట్టేసి చాలన్నాడు. మే నెలంతా రెండు ఏసీలు హాయిగా నడిచాయి. సంక్రాంతి పొద్దున ఇంటినిండా చుట్టాలు, రెండు గీజర్లు, నల్లా వచ్చిందని మోటారు, ఇండక్షన్, చట్నీకి మిక్సీ, కొత్త బట్టలకు ఇస్త్రీ, ఫ్రిజ్, లైట్లు కలిపి 8,950 వాట్లు. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 39 ఆంపియర్లు. 32 ఎంసీబీ మీద 39 వస్తే వెంటనే పడదు, వేడెక్కి వేడెక్కి ఏ అరగంటకో పడుతుంది, అందుకే ఎవరికీ కారణం దొరకలేదు.

కాబట్టి మొత్తంలో ఇంత శాతం చాలనే లెక్క వద్దు. మే రాత్రికి ఒక లెక్క, జనవరి పొద్దుటికి ఒక లెక్క వేయండి, ఒకేసారి నడిచేవే కూడండి. వాళ్లింట్లో మే రాత్రి ఏసీలు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, లైట్లు, ఇండక్షన్ అన్నీ కలిపినా 6,000 దాటలేదు. హైదరాబాద్‌లో ఏసీలే పెద్ద లోడు అనుకునేవాళ్లు ఒక్కసారి ఇలా వేసి చూడండి. పెద్దది తీసుకుని 20 శాతం కలపండి, తగ్గించొద్దు. వాళ్లకు 11 కిలోవాట్లు, అంటే త్రీ ఫేజ్ (మూడు కరెంటు లైన్లు) కావాలి.

ఫేజులు పంచేటప్పుడు రెండు గీజర్లు ఒకే ఫేజు మీద వేయకండి. గీజరు, ఏసీ ఒకే దాని మీద ఉన్నా పర్లేదు, అవి కలిసి నడిచే రోజులు తక్కువ.