జట్టు నిర్మాణ పాఠాలు – 4: వయసు మీరిన తారకు ఎంత ఇవ్వవచ్చు?

గత పాఠంలో ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి జీతం జట్టు మొత్తం వేతనంలో ఎంత వాటా తీసుకుంటుందో లెక్కగట్టడం చూశాం. ఈసారి, ముప్పై దాటిన తార కోసం యువ ప్రతిభను వదులుకునే మార్పిడిని సంతకాలకు ముందే ఎలా తూచాలో నేర్చుకుందాం. యువ ప్రతిభ అంటే జట్టులో ఇప్పటికే ఉన్న కుర్రవాళ్లు మాత్రమే కాదు. రాబోయే డ్రాఫ్టుల్లో, అంటే జట్లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమాల్లో, మొదటి రౌండులో ఒకరిని ఎంచుకునే హక్కు, అంటే పిక్, కూడా ఇంకా పేరు తెలియని యువ ఆటగాడే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ప్లేఆఫ్స్‌కు చేరని జట్లకే లాటరీ ద్వారా ముందు స్థానాలు దక్కుతాయి కాబట్టి, ఎక్కువగా ఓడే జట్టు పిక్‌కే ఎక్కువ విలువ ఉంటుంది.

మన ఉదాహరణ 2013 వేసవిలో బ్రూక్లిన్ నెట్స్, బోస్టన్ సెల్టిక్స్ మధ్య జరిగిన మార్పిడి. అంతకుముందు సీజన్‌లో 49 మ్యాచ్‌లు గెలిచినా ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే షికాగో చేతిలో ఓడిన బ్రూక్లిన్, 37 ఏళ్ల కెవిన్ గార్నెట్‌ను, 35 ఏళ్ల పాల్ పియర్స్‌ను, జేసన్ టెర్రీని తెచ్చుకుంది. బదులుగా జెరాల్డ్ వాలెస్, క్రిస్ హంఫ్రీస్ తదితరులను, 2014, 2016, 2018 మొదటి రౌండు పిక్‌లను, 2017లో బోస్టన్ కోరితే పిక్‌లు తారుమారు చేసుకునే, అంటే తన పిక్ ఇచ్చి బ్రూక్లిన్ పిక్ తీసుకునే, హక్కును ఇచ్చింది. వరుసగా రెండు భవిష్యత్ సంవత్సరాల మొదటి రౌండు పిక్‌లను ఏ జట్టూ వదులుకోకూడదని లీగ్ నియమం. ఏడాది విడిచి ఏడాది ఇచ్చి, మధ్య ఖాళీని తారుమారు హక్కుతో నింపితే నియమం అక్షరాలా నిలుస్తుంది గానీ, దాని ఉద్దేశం నీరుగారిపోతుంది.

మొదట చూడవలసింది వయసు కంటే ఆడిన ఆట. గార్నెట్ 1995లో హైస్కూలు నుంచి నేరుగా లీగ్‌లోకి వచ్చినవాడు. 2013 నాటికి 18 సీజన్లు, 1,300కు పైగా లీగ్ మ్యాచ్‌లు ఆడేశాడు. అటువంటి ఆటగాడి నిరుటి సగటును వచ్చే ఏడాది ఖాతాలో యథాతథంగా రాసుకోకూడదు. బోస్టన్‌లో చివరి ఏడాది మ్యాచ్‌కు 14.8 పాయింట్లు చేసిన గార్నెట్, బ్రూక్లిన్‌లో మొదటి ఏడాది 6.5కు పడిపోయాడు, పియర్స్ 18.6 నుంచి 13.5కు తగ్గాడు. ఆడించిన నిమిషాలు తగ్గడం ఇందులో కొంత కారణమన్నది నిజమే, గార్నెట్ రక్షణ విలువ పాయింట్లలో కనిపించదన్నదీ నిజమే. కానీ ఆ వయసులో నిమిషాలు తగ్గించక తప్పకపోవడం కూడా ధరలో భాగమే.

తరువాత కాగితం మీద రెండు గీతలు గీయండి. ఒకటి తారల ఒప్పందాల గడువు, రెండవది మీరు ఇచ్చే పిక్‌ల గడువు. పియర్స్‌కు ఒక్క ఏడాది, గార్నెట్‌కు రెండేళ్లు మిగిలి ఉండగా, పిక్‌ల గీత 2018 వరకు సాగింది. పియర్స్ 2014లో వాషింగ్టన్‌కు వెళ్లిపోయాడు, గార్నెట్‌ను 2015 ఫిబ్రవరిలో మిన్నెసోటాకు పంపేశారు. ఇద్దరూ లేని 2015–16లో బ్రూక్లిన్ 21 మ్యాచ్‌లు, మరుసటి ఏడాది 20 మ్యాచ్‌లు గెలిచింది. ఆ ఓటముల ఫలం అప్పటికే బోస్టన్ పేర రాసి ఉంది.

ఇక్కడే ఈ పాఠంలోని అసలు మెలిక ఉంది. తార తొందరగా అలసిపోవడాన్ని ఒక ప్రమాదంగా, ఇచ్చిన పిక్ విలువ పెరగడాన్ని వేరొక ప్రమాదంగా రాసుకోవడం చాలామందికి అలవాటు. నిజానికి ఆ రెండూ ఒకే ప్రమాదం, ఎందుకంటే తార కుంగితే జట్టు ఓడుతుంది, జట్టు ఓడితే పిక్ పైకి ఎగబాకుతుంది. మామిడితోట కాపును ఐదేళ్లకు గుత్తకిచ్చిన రైతు తోట ఎండితే గుత్తదారూ నష్టపోతాడు. ఇక్కడ తోట ఎండేకొద్దీ గుత్తదారుకు కాపు పెరుగుతుంది. అందువల్ల జట్టు టైటిల్‌కు పోటీపడితే, మధ్యస్థంగా ఉంటే, కూలిపోతే అన్న మూడు గడులు గీసి, ప్రతి గడిలోనూ ఒక్కో ఏడాది పిక్ ఏ స్థానానికి చేరుతుందో అంచనా రాయాలి. బ్రూక్లిన్ మొదటి గడితోనే సరిపెట్టుకున్నట్టు నాకు తోస్తుంది. 2013–14కు లగ్జరీ ట్యాక్స్, అంటే జట్టు వేతనాలు పరిమితి దాటితే లీగ్‌కు కట్టే పన్ను, కింద సుమారు 9 కోట్ల డాలర్లు చెల్లించి, 44 విజయాలతో రెండో రౌండులో మయామీ చేతిలో ఓడింది.

2016 పిక్ మూడో స్థానానికి చేరి జేలెన్ బ్రౌన్ అయింది. 2017లో తారుమారు వల్ల దక్కిన మొదటి స్థానాన్ని బోస్టన్ ఫిలడెల్ఫియాకిచ్చి, మూడో స్థానంతోపాటు మరొక భవిష్యత్ పిక్‌నూ పొంది, జేసన్ టేటమ్‌ను ఎంచుకుంది. ఆ ఇద్దరితోనే 2024లో టైటిల్ గెలిచింది. అయితే 17వ స్థానంలో వచ్చిన 2014 పిక్‌తో తీసుకున్న జేమ్స్ యంగ్ లీగ్‌లో నిలదొక్కుకోలేకపోయాడు. కాబట్టి అంచనా వేయవలసింది స్థానాన్నే గాని, పేర్లను కాదు.

కూలిపోయే గడికి మందు ప్రొటెక్షన్, అంటే పిక్ ఫలానా స్థానం కంటే పైకి వస్తే ఇవ్వబోమనే షరతు. వాలెస్‌ను 2012 మార్చిలో పోర్ట్‌లాండ్ నుంచి తెచ్చుకున్నప్పుడు నెట్స్ మొదటి మూడు స్థానాలకు ఆ షరతు పెట్టుకుంది. పిక్ ఆరో స్థానంలో పడి, పోర్ట్‌లాండ్‌కు డేమియన్ లిల్లార్డ్ దక్కాడు. షరతు ఉంటే చాలదు, వెడల్పు కూడా ఉండాలి. 2013లోనైతే ఏ షరతూ లేదు. వయసు మీరినవాళ్లను తేవడం కంటే ఇదే పెద్ద తప్పిదమని నా అభిప్రాయం.

అలాగని ప్రతి మార్పిడీ ఇలా ముగియదు. 2007లో బోస్టన్ ఇదే గార్నెట్‌ను 31 ఏళ్ల వయసులో, 22 ఏళ్ల అల్ జెఫర్సన్‌నూ మరికొందరినీ రెండు మొదటి రౌండు పిక్‌లనూ ఇచ్చి తెచ్చుకుంది. 24 విజయాల జట్టు 66కు ఎగసి 2008 టైటిల్ గెలిచింది. అప్పటికే ఉన్న పియర్స్, అదే వేసవిలో వచ్చిన రే అలెన్ తోడవడం, యువకుడైన రాజాన్ రాండోను చేజార్చుకోకపోవడం అందుకు తోడ్పడ్డాయి. జెఫర్సన్‌ను తీసుకున్న మిన్నెసోటా మాత్రం 2018 దాకా ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు.

అభ్యాసం: 2019 జులైలో లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్, 29 ఏళ్ల పాల్ జార్జ్ కోసం ఓక్లహోమా సిటీకి షై గిల్జస్-అలెగ్జాండర్, డానిలో గాలినారీ, ఐదు మొదటి రౌండు పిక్‌లు, రెండు తారుమారు హక్కులు ఇచ్చింది. కవాయ్ లెనర్డ్ క్లిప్పర్స్‌కు రావడం ఈ మార్పిడితో ముడిపడి ఉంది. ఓక్లహోమా సిటీ 2025లో టైటిల్ గెలిచిందన్న సంగతిని పక్కనబెట్టి, ఆనాటి సమాచారంతోనే మూడు గడులూ నింపండి. లెనర్డ్ రాక విలువను జార్జ్ ఖాతాలో ఎంత వేయాలో ముందు తేల్చుకోండి, ఎందుకంటే మిగతా అంకెలన్నీ దాని మీదే ఆధారపడతాయి. వచ్చే పాఠంలో ప్రొటెక్షన్ షరతులను ఎలా రాస్తారో, ఎలా చదవాలో చూద్దాం.